మబేలాలో నేనమ్మిన నీలం పెట్టెలు

ఒమన్‌లో బ్యాగుల షాపులో కొత్తగా చేరిన ఒకతను మొన్న నాకు ఫోన్ చేశాడు. మా ఆర్మూరు పక్క ఊరివాడే. "మామా, ఇంతకాలం చేసినవు గదా, మంచి పెట్టె అంటే ఏంది? రెండు ముక్కల్ల చెప్పు. కస్టమర్లకు గదే చెప్త" అన్నాడు. నేను చక్రాల గురించి మొదలుపెట్టి, జిప్పుల మీదికి పోయి, అక్కడినుంచి ఎటో వెళ్ళి, రాయచోటి వైపు ఒకావిడ కాపురం దగ్గర తేలాను. అతను కాసేపు విని, "సరే మామా, డ్యూటీ టైమయింది" అని పెట్టేశాడు.

అతనికి చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. నా ఉద్యోగమంతా ఒమన్‌లోనే, మబేలా అనే ఊళ్ళో ఒకే షాపులో గడిచింది. జీతం ఎప్పుడు పెరిగింది, వీసా ఎన్నిసార్లు రెన్యూవల్ అయింది అన్నవి ఎవరికీ పనికిరావు. ఒక్క సంగతి మాత్రం కొత్తగా చేరేవాళ్ళకు చెప్పాలని ఉంది. దాన్నుంచి ఏం నేర్చుకోవాలో నాకే సరిగ్గా తెలియదు. అయినా చెబుతాను.

చేతికి తెలిసేవి

ముందుగా, నాకు అనుమానం లేని విషయాలు. అవి కొన్నే.

గట్టి డొప్ప పెట్టె కొనేవాళ్ళు వేళ్ళతో తట్టి చూస్తారు. టకటకమంటే సంతోషపడతారు. తట్టి లాభం లేదు, బొటనవేలితో నొక్కాలి. కాస్త లోపలికి పోయి మళ్ళీ పైకి వచ్చేది ఎయిర్‌పోర్టులో ఎత్తి పడేసినా బతుకుతుంది. అసలు వంగనిది ఏదో ఒక మూల పగులుతుంది.

జిప్పును తిన్నగా లాగి చూడొద్దు. తిన్నగా ఏ జిప్పయినా నడుస్తుంది. మూల దగ్గర ఒంటిచేత్తో తిప్పాలి. ఖాళీ పెట్టెలోనే అక్కడ పట్టేస్తే, నిండా కుక్కిన రోజు అక్కడే పళ్ళు ఊడతాయి. పైకి లాగే పిడిని పూర్తిగా లాగి ఊపాలి. లొడలొడలాడితే వదిలేయాలి.

చక్రాలు మరలతో బిగించినవైతే రేపు మార్చుకోవచ్చు. రివెట్లు కొట్టేస్తే పెట్టె ఆయుష్షు, చక్రం ఆయుష్షు ఒకటే. ఇంకో తమాషా ఉంది. మెత్తటి పూత ఉన్న చక్రాలు చప్పుడు లేకుండా నడుస్తాయి కాని, వాడకుండా ఏళ్ళ తరబడి ఒమన్ ఉక్కలో పడేస్తే బిస్కెట్టులా పొడిపొడి అవుతాయి. "ఒక్కసారి గూడ వాడలేదన్నా, ఎట్ల ఖరాబయింది?" అని ఎంతమంది నాతో తగాదా పడ్డారో! వాడకపోవడం వల్లనే అని చెబితే మోసం చేస్తున్నాననుకునేవారు.

ధర సంగతికొస్తే, మరీ చవకది ఒక్క ప్రయాణానికే. మరీ ఖరీదైనదానిలో సగం డబ్బు కంపెనీ పేరుకే. తేలిగ్గా, గట్టిగా, చవగ్గా ఉండాలని అందరూ అడుగుతారు. అందులో రెండు దొరుకుతాయి. మూడోది వదులుకోమని కస్టమర్‌కు చెప్పగలిగినవాడే ఈ పనికి పనికొస్తాడు.

ఇంతవరకు నాకు తెలుసు. ఇక్కడినుంచి అయోమయం.

సలీం అర్బాబ్ సరుకు

మా యజమాని సలీం ఒమానీ. అర్బాబ్ అని పిలిచేవాళ్ళం. మాతో హిందీలోనే మాట్లాడేవాడు. నేను చేరిన కొత్తలో, వచ్చిన ప్రతివాణ్ణీ "ఏ ఊరికి పోతున్నవు?" అని అడిగేవాణ్ణి. అర్బాబ్ ఒకరోజు ఆపాడు. "బ్యాగ్ హవాయీ జహాజ్ మే కిత్నా రెహ్తా? చార్ ఘంటా. బాకీ దిన్ కిధర్ రెహ్తా, వో పూఛో" అన్నాడు. విమానంలో ఉండేది నాలుగు గంటలు, మిగతా రోజులు పెట్టె ఎక్కడుంటుందో అది అడుగు అని. మంచి మాట. ఆరుగురున్న రూములో మంచం కింద దూరే పెట్టె వేరు, విల్లాలో అలమర పైన పెట్టుకునే పెట్టె వేరు.

ఇంత తెలివైనవాడు సరుకు తెప్పించడంలో మాత్రం తన మనసుకు తోచినట్టు చేసేవాడు. ఒక ఏడాది ఒకే రకం పెట్టెలు లారీ నిండా దింపాడు. అన్నీ నీలం. వేరే రంగు ఒక్కటి లేదు. "ఏక్ కలర్, ఏక్ దామ్, ఖలాస్" అన్నాడు. ఒకే రంగు, ఒకే ధర, అంతే అని.

పెట్టె మాత్రం బంగారం. నొక్కితే వంగి లేచేది. జిప్పు మూలల్లో నీళ్ళలా తిరిగేది. చక్రాలకు మరలు. ధర సైటు మీద పనిచేసేవాళ్ళకు కూడా అందేది. అంత మంచి సరుకు అంత తక్కువ ధరకు నేనెప్పుడూ అమ్మలేదు. గర్వంగా అమ్మాను. ప్రతి పెట్టె మూత లోపల షాపు స్టిక్కరు అంటించి, దాని మీద నా మొబైల్ నంబరు రాసేవాణ్ణి. చక్రం ఊడితే నాకే ఫోన్ చేస్తారని.

ఆ నీలం పెట్టె కొన్నవాళ్ళలో రెడ్డెమ్మ ఒకతె. రాయచోటి దగ్గరి పల్లె. మా షాపు వెనక వీధిలో ఒక ఇంట్లో పనికి ఉండేది. వచ్చాక మొదటిసారి సెలవు మీద ఊరికి పోతోంది. పెట్టెను అటు తిప్పి, ఇటు తిప్పి, చాలాసేపు చూసింది.

"దెబ్బలకు తట్టుకుంటాదానా?" అని అడిగింది.

"నువ్వు మేడ మీదికెళ్ళి పడేయమ్మా, ఏం కాదు" అన్నాను.

అదే వారం లింబాద్రి వచ్చాడు. మెట్‌పల్లి వైపు మేస్త్రీ, మబేలాలోనే సైటు మీద పని. అతను పెట్టెను చూడను కూడా లేదు. "అందరు గదే కొంటున్నరు గద అన్నా, నాక్కూడ గదే ఇయ్యి" అన్నాడు. ఇద్దరూ హైదరాబాదుకు ఒకే విమానం ఎక్కుతున్నారని నాకు తెలియదు. తెలిసినా ఏం చేసేవాణ్ణో తెలియదు.

రాయచోటి నుంచి ఫోను

మధ్యాహ్నం షాపు మూసి రూములో అన్నం తింటున్నాను. కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆడమనిషి గొంతు, చాలా మెల్లగా.

"అనా, రెడ్డెమ్మను. పెట్టెలో నీ నంబరుండాది, అందుకే చేసినా."

"చేరినవా అమ్మా? మంచిగున్నవా?"

"చేరినా. పెట్టె నాది కాదునా."

నాకు అర్థం కాలేదు. ఆమె ఒక్కొక్కటే చెప్పింది. బస్సు మీద వేసేటప్పుడు పిడికి కట్టిన, పేరుండే విమానం కాగితాన్ని ఎవరో చించేశారు. ఇంటికి పోయాక భర్త, పిల్లలు, అత్త, పక్కింటివాళ్ళు చుట్టూ కూర్చున్నారు. ఏం తెచ్చిందో చూడాలని అందరికీ ఆత్రం. అంకెల తాళం దగ్గర మూడు సున్నాలు పెట్టింది. తెరుచుకుంది. తెరుచుకుంటుంది మరి. ఆ తాళాలన్నీ ఫ్యాక్టరీ నుంచి మూడు సున్నాలతోనే వస్తాయి. మార్చుకోండని నేను చెబుతాను, ఎవరూ మార్చుకోరు.

"లోపల మగోళ్ల బట్టలునా. లుంగీలు, బనీన్లు, గడ్డం గీసుకునే మిషను. అందరూ చూసినారు. మా ఆయప్ప ఒక్క మాటన్నా అనలే. లేసి బయటికి పోయినాడు. ఇప్పుడొచ్చి, 'ఎవునివి ఇవి?' అంటాండాడు. నాకేం తెలుసు? నువ్వన్నా చెప్పునా ఆయప్పకు."

ఫోన్ చేతులు మారింది.

"ఎవురప్పా నువ్వు?" మగ గొంతు. రెడ్డెమ్మ భర్త రమణ.

"షాపోన్ని తమ్మీ. పెట్టె నేనే అమ్మిన."

"షాపోని నంబరు మా ఆడమనిషి పెట్టెలో ఎందుకుంటాది?"

"అందరికీ అంటిస్తం తమ్మీ."

"ఆ గుడ్డలు నీవేనా?"

"అయ్యో, నాయి గావు. పెట్టెలు మారినయి. ఎవరో ఇంకో కస్టమర్‌ది మీకొచ్చింది. రెడ్డెమ్మ నాకు బాగ తెలుసు, గసొంటి మనిషి గాదు."



"బాగా తెలుసునా?" అన్నాడు రమణ, నెమ్మదిగా. ఫోన్ పెట్టేశాడు.

అన్నం చెయ్యి ఎండిపోయేదాకా అలాగే కూర్చున్నాను. మా పనిలో "నాకు బాగా తెలుసు" అనేది నమ్మకం కలిగించే మాట. రోజుకు ఎన్నోసార్లు అంటాం. అదే మాట అక్కడ కిరసనాయిలు పోసినట్టయింది. మళ్ళీ ఫోన్ చేసి సర్దిచెబితే ఇంకా మండుతుందా, చేయకపోతే తప్పు ఒప్పుకున్నట్టవుతుందా? తేల్చుకోలేకపోయాను.

పెట్టె ఎవరి దగ్గర?

సాయంత్రం షాపు తెరిచి అర్బాబ్‌కు సంగతి చెప్పాను. ఆయన ఖావా కాఫీ తాగుతూ అంతా విన్నాడు. "బ్యాగ్ టూటా?" అన్నాడు.

"నహీ అర్బాబ్."

"చక్కా నికలా? జిప్ ఫటా?"

"నహీ."

"ఫిర్?"

పెట్టె పగల్లేదు, చక్రం ఊడలేదు, జిప్పు చిరగలేదు. మరి ఇంకేంటి? ఆ ప్రశ్నకు జవాబు కోసం ఇప్పటికీ వెతుకుతున్నాను.

విమానం కంపెనీకి ఫోన్ చేస్తే ఇంగ్లీషులో ఒకటి నొక్కు, రెండు నొక్కు అని చెబుతోంది. రాయచోటిలో రెడ్డెమ్మకూ అదే పాట వినిపించిందట. ఇక నాకు గుర్తున్న నీలం పెట్టెల వాళ్ళందరికీ వరసగా ఫోన్లు చేశాను. సోహార్‌లో స్టీలు ప్లాంటులో పనిచేసే ఒకతను, "నేను ఊరికి పోనే లేదన్నా" అన్నాడు. అని, "ఆగు, అయినా ఒకసారి చూస్త" అని మంచం కింది పెట్టె లాగి తెరిచి చూసుకున్నాడు. తనదే. అతని మనసులో కూడా అనుమానం రేపినట్టున్నాను.

మర్నాడు లింబాద్రి ఫోన్ చేశాడు. దారిలో అక్క ఇంట్లో ఆగి, అప్పుడే ఇల్లు చేరాడట.

"అన్నా, గీ పెట్టె నాది గాదే. ఇండ్ల అన్ని ఆడోళ్ల, పిల్లల సామాన్లే ఉన్నయ్."

వెనకనుంచి ఎవరో పడిపడి నవ్వుతున్నారు. "లింబాద్రీ, ఇంట్ల ఏమన్న లొల్లయిందా?" అని భయంభయంగా అడిగాను. అతని భార్య లసుమవ్వ ఫోన్ లాక్కుంది.

"ఏం లొల్లే అన్నా? ఈనకు గంత తెలివే ఉంటే మేమెప్పుడో బాగుపడకపోదుమా?"

ఒకే విమానం, ఒకే పెట్టె, ఒకే పొరపాటు. ఒక ఇంట్లో నవ్వు, ఒక ఇంట్లో నిప్పు. ఆ తేడా ఎక్కడినుంచి వచ్చింది? మగవాడి పెట్టెలో ఆడవాళ్ళ సామాను కనబడితే బహుమతులు అనుకుంటారనా? లేక లసుమవ్వ మనసే అలాంటిదా? నాకు తెలియదు.

రాయచోటిలో ఏం జరిగిందో చెప్పాను. లసుమవ్వ నవ్వు ఆగిపోయింది.

"ఆయినెకు ఫోన్ గలుపు."

"నువ్వేం మాట్లాడ్తవక్కా?"

"నువ్వు గలుపన్నా."

కలిపాను. ముగ్గురం లైన్లో ఉన్నాం. ఈసారి నేను నోరెత్తలేదు.

"తమ్మీ, నేను నీకు అక్కసొంటిదాన్ని" అంది లసుమవ్వ. "మీ పెట్టె మా ఇంట్ల ఉన్నది. మాదే అనుకొని తెరిచినం, ఏమనుకోకు. ఇండ్ల ఏమేమున్నయో చెప్త, ఇను. రెండు ఆడపిల్ల గౌన్లు. ఒకటి జర పెద్దది, ఒకటి చిన్నది. మొగపిల్లగాని బూట్లు. ముసలామె మోకాళ్లకు కట్టుకునే పట్టీలు. ఖర్జూర పండ్లు, బాదం పప్పు, అత్తరు సీస. టార్చిలైటు. మొగోళ్ల అంగీలు మూడు. ఒక వాచి."

పెట్టె అడుగున ఏదో కదిపిన చప్పుడు, లసుమవ్వే మళ్ళీ అందుకుంది.

"ఇగ ఆమెయి ఏమున్నయంటే, ఒక పాత నైటీ. సగమైపోయిన నొప్పుల తైలం సీస. గంతే తమ్మీ. తక్కినయన్ని మీయే."

 అప్పుడు రమణ గొంతు వినిపించింది.

"వాచి ఏ రంగు?"

"నల్లది. తోలు బెల్టు."

"నల్లదే అడిగింటి" అన్నాడు రమణ. "పొయ్యేటప్పుడు. ఎప్పుడో." 

బస్టాండులో

పెట్టెలు మార్చుకోవాలి. పార్శిల్ వేయండని నేనన్నాను. రమణ ఒప్పుకోలేదు. తనే తెస్తానన్నాడు. హైదరాబాదు బస్టాండులో కలిశారు. తర్వాత లింబాద్రి తిరిగి మబేలా వచ్చినప్పుడు షాపులో నిలబడి ఆ సంగతి చెప్పాడు.

"పెట్టె కోసం రాలేదన్నా ఆయన. నన్ను చూడనీకి వచ్చిండు. పైకెల్లి కిందికి చూసిండు. నెత్తి చూసిండు, నెరిసింది గద. కాలు చూసిండు, జర కుంటుత గద. 'నీకు వయసెంతన్నా?' అన్నడు. చెప్పిన. అప్పుడు నిమ్మలపడ్డడు. చాయ తాపిచ్చిండు, పైసలు ఆయనే ఇచ్చిండు."

"పోనీలే, మంచిదే అయింది."

"ఏం మంచి? ఎందుకు నిమ్మలపడ్డడో బస్సెక్కినంక సమజయింది. నన్ను చూసి, ఈ ముసలోనితోని ఏముంటదిలే అనుకున్నడు. నాకు కోపమొచ్చింది. దిగి పోయి అడుగుదామనుకున్న. బస్సు నడువవట్టె."

అని, అతనే నవ్వాడు.

ఆ తర్వాత నేను ప్రతి కస్టమర్‌కూ తాళం నంబరు షాపులోనే దగ్గరుండి మార్పించేవాణ్ణి. పిడికి గుర్తుగా ఏదైనా కట్టుకోమనేవాణ్ణి. అందరూ ఎర్ర రిబ్బనే కట్టేవారు. ఎయిర్‌పోర్టు బెల్టు మీద ఎర్ర రిబ్బన్లు కట్టిన నీలం పెట్టెలు వరసగా వస్తున్నాయని ఒకాయన ఫోటో తీసి పంపాడు. మన్నిక ఎంతో చూడటం నాకు వచ్చు. ధర కుదర్చడం వచ్చు. కొన్నవాళ్ళు తమ పెట్టెను గుర్తుపట్టేలా అమ్మడం ఎలాగో మాత్రం ఎవరూ నేర్పలేదు.

రెడ్డెమ్మ తిరిగి వచ్చాక

సెలవు అయిపోయి రెడ్డెమ్మ వచ్చింది. ఒక శుక్రవారం సాయంత్రం ఆ నీలం పెట్టెను లాక్కుంటూ షాపుకు వచ్చింది. చక్రమేదో పాడైందనుకున్నాను. వంగి చూశాను. నాలుగూ బాగున్నాయి.

"అంతా సర్దుకుందా అమ్మా?" అని అడిగాను.

"సారీ చెప్పినాడునా."

"పోనీలే."

"చెప్పినాక మళ్లీ అడిగినాడు."

"ఏమని?"

"అదే. నిజం చెప్పు అని." స్టూలు మీద కూర్చుంది. "రోజూ కాదులే. ఎప్పుడన్నా. వాచి పెట్టుకొని బజారుకు పోతాడు, అందరికీ చూపిస్తాడు, మా ఆడది తెచ్చిందని. ఇంటికొచ్చి అడుగుతాడు. మొదుట్లో పిల్లోళ్ల మీద ఒట్టేసి చెప్తాంటి. తర్వాత మానేసినా. ఎన్నిసార్లని చెప్పేది?"

 ఆయన మంచివాడా, చెడ్డవాడా అని అడగాలనిపించింది. ఆమెకు కూడా తెలియదేమో అనిపించి ఊరుకున్నాను. అప్పటికి అర్బాబ్ ఎర్ర పెట్టెలు, ఆకుపచ్చ పెట్టెలు తెప్పించాడు. "ఎర్రది తీసుకో, ఇది నేను వాపస్ తీసుకుంట" అన్నాను.

"ఇదేం చెడిపోలేదు గదా. ఎందుకు మార్చేది? దీనిమీద పేరు రాసియ్యినా, చాలు."

తెల్ల పెయింటు, బ్రష్షు తీశాను. అట్టపెట్టెల మీద పేర్లు రాయడం మాకు అలవాటే. ఇంగ్లీషులో రాయబోతే ఆపింది.

"తెలుగులో రాయి."

"ఎయిర్‌పోర్టోళ్ళకు సమజ్ కాదమ్మా."

"ఎయిర్‌పోర్టోళ్లు ఎత్తుకపోరునా. మనోళ్లే ఎత్తుకపోతారు. మనోళ్లకు తెలియాల."

అది నిజమే. "ఏం రాయాలె? రెడ్డెమ్మ, భర్త రమణ, ఊరు? అందరికీ గట్లనే రాస్త" అన్నాను.

ఆమె డొప్ప మీద అరచెయ్యి ఆనించింది. "నా పేరొక్కటే రాయి. పెద్దగా రాయి" అంది.

ఎందుకని అడగలేదు. డొప్ప మీద ఈ చివరనుంచి ఆ చివరకు రాశాను. రెడ్డెమ్మ. నీలం మీద తెలుపు, దూరంనుంచే కనబడుతోంది. ఆరేదాకా ఆమె స్టూలు మీదే కూర్చుని, మధ్యమధ్య వేలి కొసతో తాకి చూసింది. ఇంతలో సైటు నుంచి ఒకతను లోపలికొచ్చాడు. అరలన్నీ ఒకసారి చూసి, నేరుగా ఆ పెట్టె దగ్గరికే పోయి పిడి పట్టుకున్నాడు.

"అన్నా, గిది మంచిగున్నది. గిదెంత?"

నేను నోరు తెరిచేలోపే రెడ్డెమ్మ లేచి అతని చేతిలోంచి పిడి తీసుకుంది.

"అది అమ్మేది కాదప్పా" అంది. "నాది."